214 కోట్ల దగ్గర ఆగిపోయిన నాణేలు

ప్రశ్న: మా వాడు ఫోన్లో ఆడే గేమ్‌లో నాణేలు 2147483647 దగ్గర ఆగిపోయాయి. ఎంత ఆడినా ఒక్కటి పెరగట్లేదని ఒకటే గొడవ. 200 కోట్లో 300 కోట్లో అయితే సరే, ఈ వంకర నంబరేంటండీ? ఫోన్ పాడైందా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఫోన్‌కేం కాలేదండీ. నంబరు మనకి వంకరగా కనిపిస్తోంది గానీ కంప్యూటర్‌కి అది మన 99999 లాంటిది. దానికి ఉన్నవి 0, 1 రెండే అంకెలు కాబట్టి 31 ఒకట్లు పక్కపక్కన పేరిస్తే వచ్చేది ఇదే, అంటే 31 రెండ్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయడం. చాలా ప్రోగ్రాములు ఒక సంఖ్యకి 32 గళ్లు ఇస్తాయి, అందులో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికే పోతుంది, మిగిలిన 31 నిండాయంటే ఇక చోటు లేదు. పాత స్కూటర్ మీటరు 99999 దాటితే సున్నాలకి వస్తుంది కదా, ఇక్కడ అంతకంటే ఘోరం, చూసుకోకుండా ఇంకొకటి కలిపితే మైనస్ 2147483648 అయి కూర్చుంటుంది. కోటీశ్వరుడు కాస్తా అప్పులపాలు! మీవాడి గేమ్ రాసినవాళ్లు తెలివిగా అక్కడే ఆపేసినట్టున్నారు.

ఇదే తంటా గడియారాలకీ ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ, ఆ లెక్కని 32 గళ్లలోనే దాచే పాత సిస్టమ్‌లకి 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి (మన టైమ్) గళ్లు నిండుతాయి. ఈలోగా మార్చకపోతే మరుసటి సెకనుకి అవి 1901లోకి వెళ్లిపోతాయి.

నాకు నచ్చిన సంగతి మాత్రం వేరే. ఈ 2147483647 ప్రధాన సంఖ్య, ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దీన్ని నిశ్శేషంగా భాగించదు. ఆ మాట 1772లోనే, కాగితం కలంతో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త తేల్చేశాడు, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే దాదాపు 4,800 సార్లు, భాగించి చూడాలి. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయన కనిపెట్టాడు, దాంతో ఎనభై చిల్లర భాగహారాలే మిగిలాయి. (మనం నాలుగు అంకెల భాగహారానికే ఫోన్ తీస్తాం.)

దీన్నుంచే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య పుడుతుంది, 6కి 1, 2, 3 ఎలాగో దీనికీ అలాగే తనకంటే చిన్న కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తనే వస్తుంది. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యని బహుశా ఎవరూ కనుక్కోరు, ఉపయోగం లేనిదాని కోసం ఎవరు కష్టపడతారు అని రాశాడు. పాపం, 1876కే ల్యూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త చేత్తో లెక్కలేసి 39 అంకెల ప్రధాన సంఖ్య పట్టుకొచ్చాడు, దాంతోపాటే అంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యా వచ్చేసింది.

అన్నట్టు, మీవాణ్ణి కొన్ని నాణేలు ఖర్చుపెట్టమనండి. లెక్క మళ్లీ కదులుతుంది.