ఐవర్‌మెక్టిన్ మాత్రలు కొని దాచుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. షుగర్ ఉంది. గుండె వాల్వు మార్చాక, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడుతున్నాను. కరోనాకు ఐవర్‌మెక్టిన్ (పరాన్నజీవుల మందు) బాగా పనిచేసినా, వేరే మందు ఉంటే టీకాలకు అత్యవసర అనుమతి రాదని దాన్ని తొక్కేశారని వాట్సాప్‌లో చదివాను. మళ్లీ అలాంటి జబ్బు వస్తే ఉంటాయని 12 ఎంజీ మాత్రలు కొనిపెట్టుకోనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ. మీరైతే అసలు వద్దు. వార్‌ఫరిన్‌తో కలిపి వాడినప్పుడు అరుదుగా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) పెరిగిన కేసులున్నాయి. పెరిగితే రక్తస్రావం ముప్పు.

తొక్కేశారన్న మాట మన దేశంలో నిలవదు. ఇక్కడ టీకాలకు 2021 జనవరిలో అత్యవసర అనుమతి వచ్చింది. ఆ తర్వాత, మే నెల ఎయిమ్స్–ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో కూడా స్వల్ప లక్షణాలకు ఐవర్‌మెక్టిన్ ఉంది: కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, రోజుకోసారి, మూడు రోజులు. సెప్టెంబరులో తీసేశారు. కారణం ఫలితాలే. ల్యాబ్‌లో వైరస్‌ను ఆపిన మోతాదు, మాత్ర మింగితే రక్తంలోకి చేరేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. తర్వాత బ్రెజిల్‌లో 1,300 మందికి పైగా రోగులపై చేసిన ట్రయల్‌లో కిలోకు 400 మైక్రోగ్రాముల చొప్పున మూడు రోజులిచ్చినా ఆస్పత్రి పాలయ్యేవారు తగ్గలేదు.

అమెరికాలో అత్యవసర అనుమతికి ‘సరిపడే ప్రత్యామ్నాయం లేనప్పుడే’ అన్న షరతు ఉన్నమాట నిజం. కానీ జబ్బు వచ్చాక వేసుకునే మందు, రాకుండా వేయించుకునే టీకాకు ప్రత్యామ్నాయం కాదు. అక్కడ కరోనా చికిత్సకు వాడే రెమ్‌డెసివిర్‌కు 2020 అక్టోబరులో పూర్తి అనుమతే వచ్చింది, అయినా డిసెంబరులో టీకాలకు అత్యవసర అనుమతి ఆగలేదు.

చవక మందును ఎవరూ తొక్కలేదనడానికి స్టెరాయిడ్ మందు డెక్సామెథసోనే సాక్ష్యం. రోజుకు 6 ఎంజీ, గరిష్ఠంగా పది రోజులు ఇస్తే వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్ ట్రయల్ తేల్చింది. అదే మందును ఆక్సిజన్ అవసరం లేనివారికిస్తే మేలు లేదు. షుగర్ ఉన్నవారికి మరీ చేటు: చక్కెర ఎగబాకుతుంది, రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి ఇదీ ఒక కారణం. మందు పేరొక్కటే చాలదు, ఏ దశలో ఇస్తున్నారన్నది చూడాలి.

కరోనా మళ్లీ సోకితే లక్షణాలు మొదలైన తేదీ రాసుకోండి. వైరస్‌ను అడ్డుకునే మాత్రలు ఐదు రోజుల్లోపే మొదలెట్టాలి. మీ మందుల చీటీ మొత్తం చూపించండి, వాటిలోనూ కొన్ని వార్‌ఫరిన్‌తో పడవు. ఆరు నిమిషాలు నడిచాక ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఇంట్లో ఆగకండి.