సమాధానం: ‘అబ్సల్యూట్ డ్రిఫ్ట్’లో కారు గిర్రున తిరిగిపోవడం గురించి

నమస్కారమండీ. ‘అబ్సల్యూట్ డ్రిఫ్ట్’ అనే కార్ల వీడియో గేమ్‌లో ప్రతి మలుపులోనూ కారు గిర్రున తిరిగిపోతోందని, ఇందులో ఇతరులకు అంత ఆనందం ఏం దొరుకుతుందో అర్థం కావడం లేదని మీరు రాశారు. 2015లో వచ్చిన ఈ ఆటను మీరు మామూలు పందెంలా ఆడుతున్నారని నా అనుమానం. ఇందులో వేగం కంటే, జారుతున్న కారును ఆ జారుడులోనే నిలిపి ఉంచడానికి ఎక్కువ విలువ.

వెనుక చక్రాలు పట్టు తప్పగానే స్టీరింగును వెనుక భాగం జారుతున్న వైపుకే తిప్పి, యాక్సిలరేటరును పూర్తిగా వదలకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పెంచుతూ ఉంటే కారు అడ్డంగానే మలుపంతా సాగిపోతుంది. కీబోర్డుతో ఈ మోతాదు కుదరడం కష్టం కాబట్టి వీలైతే కంట్రోలర్ వాడండి.

దృశ్యం తెల్లగా, బోసిగా ఉండటం లోపమన్నారు గానీ, నాకు నచ్చింది అదే. నేల మీద మిగిలిన నల్లటి టైరు చారలను చూస్తే ఎక్కడ తొందరపడ్డామో చేతిరాత చదివినంత స్పష్టంగా తెలిసిపోతుంది. తప్పు మనదేనని తెలిసి, వెంటనే మళ్లీ మొదలుపెట్టే వీలుంటే ‘ఇంకొక్కసారి’ అనిపించక మానదు. (అలా ఒక రాత్రి కంచంలో అన్నం చల్లారిపోయింది.)

ముందు పోటీలను పక్కనపెట్టి, స్వేచ్ఛగా తిరిగే మైదానంలో ఒకే వలయంగా రెండు వైపులా తిప్పడం సాధన చేయండి. ఎడమకు సాఫీగా వచ్చి కుడికి తడబడితే కంగారు పడకండి, నాకూ మొదట్లో అంతే.