‘నాన్న కువైట్ వెళ్లాడు’ అని పాపకు చెప్పాం.. ఇప్పుడెలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడు నెలల క్రితం మా బావగారు రొయ్యల చెరువు దగ్గర కరెంట్ షాక్ కొట్టి చనిపోయారు. ఆరేళ్ల మేనకోడలికి నాన్న కువైట్ వెళ్లాడని చెప్పాం. ఆడుకుంటూనే ఉన్నట్టుండి ‘ఎప్పుడొస్తాడు?’ అంటుంది. ఈమధ్య పక్క తడుపుతోంది. పద్నాలుగేళ్ల మేనల్లుడు ఇంతవరకు ఏడవలేదు, అన్నిటికీ విసుక్కుంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: కువైట్ వెళ్లినవాళ్లు వీడియో కాల్ చేస్తారని, సెలవుకు వస్తారని మీ ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. నాన్న ఫోన్ కూడా చేయట్లేదంటే తన మీద కోపమేమోనని పాప అనుకోవచ్చు. నిజం చెప్పేయండి. వాళ్లమ్మ చెబితే మంచిది, మీరు పక్కనుండండి. ‘నాన్నకు షాక్ కొట్టింది, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, చనిపోయాడు. ఇక రాడు. నీ తప్పేం లేదు’. ఇంతే చాలు. ‘నిద్రపోయాడు’ అంటే రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలున్నారు. ‘మంచివాళ్లను దేవుడు తీసుకెళ్తాడు’ అన్నా చిక్కే, అమ్మ కూడా మంచిదే కదా!

చనిపోయినవాళ్లు తిరిగి రారన్నది ఈ వయసులో ఇప్పుడిప్పుడే అర్థమవుతుంటుంది. అందుకే మళ్లీ మళ్లీ అడుగుతుంది, మీరూ అదే జవాబు చెప్పండి. కాసేపు ఏడ్చి వెంటనే ఆటలో పడితే మరిచిపోయిందని కాదు, చిన్నపిల్లలు బాధపడే తీరే అంత. పక్క తడపడం టెన్షన్ వల్లే కావచ్చు, తిట్టకండి. మూత్రంలో మంట, అతిదాహం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వెంటనే మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష చేయించాలి.

ఇక అబ్బాయి. పరామర్శకు వచ్చినవాళ్లు ‘ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు’ అనే ఉంటారు. నాకు అస్సలు నచ్చని మాట. దాంతో వాడు ఏడుపు మింగేస్తాడు, అదే విసుగై బయటికొస్తుంది. చెరువు లీజు, అప్పుల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారని తేల్చి చెప్పండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసువాళ్లు నోరు విప్పరు. బండి మీద ఎక్కడికైనా తీసుకెళ్తూ బావగారి ముచ్చట్లు మీరే ఎత్తండి. వాడు మాట్లాడకపోయినా ఫరవాలేదు. మీకు ఏడుపొస్తే దాచుకోకండి. క్లాస్ టీచర్‌కు విషయం చెప్పి ఉంచండి.

చచ్చిపోవాలని ఉందన్నా, చేయి కోసుకున్నా, మందు, గంజాయి జోలికి వెళ్లినా ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందులుంటే తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ‘నాన్న దగ్గరికి పోతా’ అని పాప అంటే చాలావరకు చూడాలనే అర్థం, అయినా మెల్లగా అడిగి తెలుసుకోండి. ఆరు నెలలు దాటినా చదువు, తిండి, నిద్ర గాడిన పడకపోతే కౌన్సెలింగ్ అవసరం.

మీ అక్కగారు ఎలా ఉన్నారో రాయలేదు. ఆమె నిద్ర, తిండి సంగతి కూడా కనుక్కోండి, బాగోలేకపోతే ఆమెనూ డాక్టర్‌కు చూపించండి.