తరంగీరే సఫారీకి మే నెలా, దసరా సెలవులా?

ప్రశ్న: పిల్లలకు సెలవులని మే నెలలో టాంజానియాలోని తరంగీరే నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. నలుగురం. దగ్గరి నగరం అరుషా నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మే వద్దండి, దసరా సెలవులకు మార్చుకోండి. ఆ పార్కుకు ప్రాణం తరంగీరే నది. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. ఎక్కడ చూసినా నీళ్లుంటాయి కాబట్టి జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు (ఆఫ్రికాలోని ఒక పెద్ద జింక జాతి) పార్కు దాటి తూర్పున సిమంజిరో మైదానాలకు వెళ్లి అక్కడ ఈనుతాయి. ఆ గడ్డిలో భాస్వరం ఎక్కువ, పాలిచ్చే తల్లులకు అది కావాలి. జూన్ తరవాత కుంటలు ఎండేకొద్దీ అన్నీ తిరిగి నదికే చేరతాయి. సెప్టెంబరు, అక్టోబరు నాటికి నదిలోనూ చాలాచోట్ల ఇసుకే. అప్పుడు ఏనుగులు కాళ్లతో, తొండాలతో తవ్వి చెలమలు తీస్తాయి. అవి తాగి పక్కకు జరిగాక చిన్న జంతువులు ఆ నీటికి వస్తాయి. అంత దూరం వెళ్లేది ఇది చూడ్డానికే.

వానల్లో ఇంకో చిక్కుంది. పార్కులోని సిలాలే చిత్తడి వైపు నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా కూరుకుపోతుంది.

అరుషా నుంచి గేటు సుమారు 120 కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. ఒక్క రోజు పెట్టుకుంటే మీరు చేరేసరికి ఎండెక్కి జంతువులు నీడకు పోతాయి, అవి మళ్లీ కదిలే వేళకు మీరు తిరుగుముఖం పట్టాలి. రెండు రాత్రులుండండి. మొదటి సాయంత్రం నది వెంట, మర్నాడు భోజనం కట్టించుకుని సిలాలే దాకా, మూడో రోజు పొద్దున్నే మళ్లీ నది దగ్గరికి. ప్రవేశ రుసుము 24 గంటల లెక్కన ఉంటుంది, దాని మీద 18 శాతం వ్యాట్. ఏజెంటు చెప్పిన ధరలో ఈ రెండూ కలిశాయా అని రాతపూర్వకంగా అడగండి. టాపు పైకి లేచే ల్యాండ్ క్రూయిజర్ మొత్తం మీ నలుగురికే తీసుకుంటే అందరికీ కిటికీ దక్కుతుంది. ఖడ్గమృగాలు మాత్రం ఇక్కడ లేవు. వాటికోసం ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలానికి ఇంకో రోజు కలుపుకోవాలి.

ప్రశ్న: అదే పార్కుకు అక్టోబరులో వెళ్తున్నాం, కెన్యా రాజధాని నైరోబీ మీదుగా. టీకాలు, బట్టలు, తిండి సంగతి చెప్పండి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది. కెన్యా మీదుగా రాకపోకలంటే టాంజానియాలోనూ, తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనూ అడగవచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏయే రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి. మలేరియా మాత్రల కోసం డాక్టరును కలవండి.

నీలం, నలుపు బట్టలు ఇంట్లోనే వదిలేయండి. సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, పల్చటి గుడ్డ మీదనుంచే కుడతాయి. ఒంటికి రాసుకునే దోమల క్రీములు వాటి మీద పెద్దగా పనిచేయవు. మందపాటి ఖాకీ రంగు ఫుల్ చేతుల చొక్కాలు మేలు.

2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, సామానులోనూ ఉండకూడదు. పచ్చళ్లు, పొడులు డబ్బాల్లో పెట్టి గుడ్డసంచిలో సర్దండి. శాకాహారులైతే లాడ్జికి ముందే చెప్పండి. మధ్యాహ్నం ఆగే చోట మాత్రం డబ్బా మూత తీసి పక్కన పెట్టకండి, కోతులు లాక్కుపోతాయి.