నాన్న నాకెందుకు చెప్పలేదు?

ప్రశ్న: మాది నంద్యాల. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, వయసు 68. 'ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం' అన్న మెసేజ్ నమ్మి, వాళ్లు పంపిన యాప్ ఏదో ఫోన్‌లో వేసుకున్నారు. ఖాతాలోంచి 46 వేలు పోయాయి. మూడు వారాలు నాకు చెప్పలేదు. వీధి చివర రీచార్జ్ షాపు కుర్రాడికి మాత్రం చెప్పారట! అమ్మకు కూడా తెలుసు. నాకు తెలిశాక గట్టిగా అరిచాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. స్మార్ట్‌ఫోన్ తీసేసి కీప్యాడ్ ఫోన్ ఇవ్వడం మంచిదా?

జవాబు: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు చేతులు మారకముందు, తొలి కొన్ని గంటల్లో చెబితేనే ఆపే అవకాశం ఎక్కువ. ఇప్పుడు పెద్దగా ఆశ పెట్టుకోకండి, అయినా ఫిర్యాదు మానొద్దు. ఆ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచి, ఫోన్ రీసెట్ చేయించి, పాస్‌వర్డ్‌లూ పిన్‌లూ మార్పించండి.

ఆ తొలి గంటల్లో ఆయన మీకెందుకు ఫోన్ చేయలేదన్నదే నన్ను ఆలోచింపజేసింది. పోయిన 46 వేల కంటే మీ నోటికి ఎక్కువ భయపడ్డారు. షాపు కుర్రాడికి మీకున్నంత తెలివి లేకపోవచ్చు, కానీ 'ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా' అనడు. మూడు దశాబ్దాలు పిల్లలకు భిన్నాలు నేర్పిన మనిషి, కొడుకు చేత మొద్దబ్బాయి అనిపించుకోవడానికి ఇష్టపడతారా?

ఫోన్ తీసేయకండి. పెన్షన్ పడిందో లేదో చూసుకోవడం, మనవల ఫొటోలు, పాత శిష్యుల వాట్సాప్ గ్రూపు అన్నీ అందులోనే ఉన్నాయి కదా. తీసేస్తే అది శిక్షే. దానికి బదులు, పెన్షన్ ఖాతాకు యూపీఐ లేకుండా చూసి, నెల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రమే ఉండే వేరే ఖాతాకు యూపీఐ పెట్టండి. ఈసారి మోసం జరిగినా నష్టం అంతవరకే.

నేర్పేటప్పుడు ఫోన్ ఆయన చేతిలోనే ఉండాలి. మనం లాక్కుని టకటకా నాలుగు నొక్కి 'ఇంతే' అంటే చూసేవాళ్లకు ఏం అర్థమవుతుంది? (ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ వాళ్లు మరీ అన్యాయం.) ఒక రోజుకు ఒక్క సంగతి చాలు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదన్నది మొదటిది. కరెంటు బిల్లు విషయం ఏదైనా సరే, మెసేజ్‌లోని నంబర్‌కు కాక కరెంటు ఆఫీసు హెల్ప్‌లైన్ 1912కే ఫోన్ చేయాలన్నది ఇంకో రోజుకు. ఆయనే కాగితం మీద రాసుకుంటారు, మాస్టారు కదా.

ఈ ఆదివారం వెళ్లండి, వీడియో కాల్‌లో కుదిరే మాట కాదిది. వెళ్లాక డబ్బు ఊసు మీరు ఎత్తొద్దు. 'ఆ రోజు నేను అరవకుండా ఉండాల్సింది నాన్నా. ఇకపై ఏం జరిగినా ముందు నాకే చెప్పు, ఒక్క మాట అనను' అని మాత్రం అనండి. ఆయన వెంటనే కరిగిపోరు, 'సర్లే' అని పేపర్ తిప్పుతారు. ఆ మాట నమ్మారో లేదో తర్వాతి అనుమానపు మెసేజ్ వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పుడు మీరు మీటింగ్‌లో ఉన్నా ఫోన్ ఎత్తండి.

అమ్మను మాత్రం 'నువ్వైనా చెప్పొచ్చుగా' అని నిలదీయకండి. ఇద్దరి మధ్య ఆవిడ ఇప్పటికే నలిగిపోయి ఉంటారు.