పెళ్లి వద్దనుకున్న మేనకోడలికి

అమ్మడూ,

పెళ్లి చేసుకోనని ఇంట్లో చెప్పేశానని రాశావు. చెప్పడం కష్టం కాలేదు గానీ, 'ఎందుకు?' అని అడిగిన ప్రతివాళ్లకీ జవాబిచ్చుకోలేక ప్రాణం విసిగిపోతోందన్నావు. ఏం చెప్తే ఈ నోళ్లు మూతపడతాయో చెప్పు అత్తా అన్నావు. ఈ దారిలో నేను చాలా దూరం నడిచినదాన్ని కాబట్టి నా దగ్గర ఏదో మంత్రం ఉంటుందనుకున్నట్టున్నావు. లేదు తల్లీ. ఏం చెప్పినా మూతపడవు. అందుకే నా మొదటి సలహా, కారణాలు చెప్పడం మానెయ్.

నువ్వు చెప్పే ప్రతి కారణమూ బేరానికి తలుపు తీస్తుంది. ఉద్యోగంలో కుదురుకోవాలి అన్నావనుకో, కుదురుకున్నావు కదా అని మళ్లీ వస్తారు. నచ్చినవాడు దొరకలేదంటే మర్నాటికల్లా ఫోన్లో ఫొటోలు మొదలు. పెళ్లి మీద నమ్మకం లేదంటే, పాపం ఎవడో మోసం చేసుంటాడని నీ వెనకాల గుసగుసలు. "నాకు ఇలాగే బాగుంది" అన్నదొక్కటే బేరమాడటానికి వీల్లేని మాట. అదే చెప్పు. రెండోసారి అడిగినా అదే. కోపం అక్కర్లేదు, మాట మార్చకుండా ఉంటే చాలు. అడిగేవాళ్లకి విసుగు పుట్టడానికి కొన్నేళ్లు పడుతుంది, కానీ పుడుతుంది.

మన గురించి జనం అనుకునేవి ఒకదానికొకటి పొసగవు, గమనించావా? గొంతెమ్మ కోరికలు కోరి ఎవరూ దొరక్క మిగిలిపోయిందంటారు, ఆ నోటితోనే రహస్యంగా ఎవరో ఉండే ఉంటారంటారు. పనే లోకంగా బతుకుతోందంటారు, మళ్లీ బాధ్యతల్లేకుండా షికార్లు చేస్తోందంటారు. నేను ఇవన్నీ విన్నాను. మొదట్లో ఒక్కోదానికీ సంజాయిషీ ఇచ్చుకోవాలనిపించేది. తర్వాత అర్థమైంది, ఇవి నన్ను చూసి అన్నవి కావు, ముందే కుట్టి పెట్టుకున్న చొక్కాలు, ఎవరొస్తే వాళ్లకి తొడగడమే. అమెరికాలో బెల్లా డిపాలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెళ్లికాని వాళ్లపై ఉండే చిన్నచూపు మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె బృందం చేసిన పరిశోధనల్లో, ముక్కూ ముఖం తెలియని ఒక మనిషికి పెళ్లయిందని చెప్తే పరిణతి ఉంది, ప్రేమగల మనిషి అన్నారు. పెళ్లి కాలేదని చెప్తే ఒంటరి, స్వార్థపరులు, ఎదగలేదు అన్నారు. ఇల్లు అద్దెకివ్వాల్సి వస్తే ఎవరికిస్తారంటే పెళ్లయిన జంటకే మొగ్గారు. ఎందుకని అడిగితే, వాళ్లకి పెళ్లయింది కాబట్టి అని ఏ మొహమాటం లేకుండా చెప్పారు. కులమో రంగో పేరు చెప్పి వద్దనడానికి కాస్తయినా జంకే మనుషులు, ఈ మాట అనడానికి జంకరు. అది తప్పని వాళ్లకి తోచదు, అంతే.

నిన్ను తిట్టేవాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. పొగిడేవాళ్లతోనే జాగ్రత్త. తమ్ముళ్ల చదువు కోసం, అమ్మానాన్నల కోసం ఆగిపోయిందంటే లోకం చేతులెత్తి దండం పెడుతుంది. తనకు ఇష్టం లేక చేసుకోలేదంటే మాత్రం మింగుడుపడదు. ఆడది ఒంటరిగా ఉండాలంటే ఎవరికోసమో అయివుండాలి, తనకోసం కాకూడదు. నామీద కూడా ఈ కథ అల్లారు, మీ నాన్న చదువు కోసం నేను పెళ్లి మానుకున్నానని. ఓసారి ఒక పెద్దమనిషి నలుగురిలో నన్ను చూపించి "తమ్ముడి కోసం జీవితాన్నే ధారపోసిన తల్లి" అన్నాడు. "వాడికి ఫీజు కట్టిన మాట నిజమేనండీ. పెళ్లయినా కట్టేదాన్నే. పెళ్లి మాత్రం నాకు ఇష్టం లేక చేసుకోలేదు" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. పక్కనున్న మీ నాన్న ఇబ్బందిగా నవ్వి చెప్పులు వెతుక్కున్నాడు. నాకైతే ఆ రోజు హాయిగా నిద్రపట్టింది. త్యాగమూర్తి పీట మీద ఒకసారి కూర్చున్నావంటే దిగనివ్వరు. ఆ పీట మీద ఉన్నదానికి సినిమాకి వెళ్లాలనిపించకూడదు, మంచి చీర కొనుక్కోకూడదు, ఎవరైనా నచ్చకూడదు.

గొప్పవాళ్ల పేర్లను అడ్డుపెట్టుకోవడం కూడా అలాంటిదే. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్, తనకు కుదిర్చిన సంబంధాన్ని వదిలేసి అమెరికా వెళ్లి 1931లో డాక్టరేట్ తెచ్చుకుంది. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చీనీ పెళ్లి చేసుకోకూడదని చిన్నతనంలోనే అనుకుంది. యుద్ధకాలంలో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుని పనిచేసింది, 1986లో నోబెల్ అందుకుంది, 103 ఏళ్లు బతికింది. వాళ్ల జీవితాలు చదువు, ధైర్యం వస్తుంది. వాదనలో మాత్రం తీసుకురాకు. తెస్తే, "మరి నువ్వేం కనిపెట్టావు?" అన్న ప్రశ్న వస్తుంది, అది సబబైన ప్రశ్నలాగే వినిపిస్తుంది. నోబెల్ తెస్తేనే పెళ్లి మానుకునే హక్కు వస్తుందని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని టీవీ చూసి పడుకునే మామూలు ఆడదానికి కూడా ఆ హక్కు ఉంది.

ఇంకోటి. ఎప్పుడూ సంతోషంగా కనిపించాలన్న టెన్షన్ పెట్టుకోకు. పెళ్లయినావిడ విసుక్కుంటే "సంసారమన్నాక ఉంటాయమ్మా" అంటారు. నువ్వు విసుక్కుంటే "అందుకే చేసుకోమన్నాం" అంటారు. ఆ మాటకి భయపడి ఏడుపొచ్చిన రోజు కూడా నవ్వు ఫొటోలు పెట్టకు. జ్వరంతో పడుకున్న రాత్రి మంచినీళ్లకి నువ్వే లేవాలి. అది బాగుండదు. బాగుండదని చెప్పగలిగే స్నేహితులు ఒకరిద్దరైనా ఉండాలి, వాళ్లు ఆ వెంటనే పెళ్లి సంబంధం చెప్పనివాళ్లై ఉండాలి.

ఇదంతా మన చుట్టాల నోటి దురుసు అనుకుని వాళ్లమీద పగ పెంచుకోకు. ఆడదాని పెళ్లి ఆమె సొంత విషయమని లోకం ఎక్కడా తేలిగ్గా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో చాలాచోట్ల టీచరమ్మ పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే, 1944లో చట్టం వచ్చేదాకా. అక్కడి విదేశాంగ శాఖలోనైతే ఆ నిబంధన 1973 దాకా నడిచింది. చేసుకుంటే ఉద్యోగం పోతుంది, చేసుకోకపోతే మర్యాద పోతుంది. అమెరికాలో 1974లో చట్టం వచ్చి ఆపేదాకా, పెళ్లి కాలేదన్న కారణంతో ఆడవాళ్లకి అప్పు ఇవ్వకుండా పంపేయొచ్చు. చైనాలో 'మిగిలిపోయిన ఆడవాళ్లు' అనే మాటని 2007లో సాక్షాత్తూ విద్యాశాఖే కొత్త పదాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వాలే అలా అనుకుంటే, పాపం మన పెద్దమ్మలు ఎంత?

ఇక అసలు సంగతికి వస్తాను. నీకు నిజంగా ఇబ్బంది పెట్టేవి మాటలు కావు, ఆ మాటల ఆధారంగా జరిగిపోయే పంపకాలు.

ఆఫీసులో "నీకేం, పిల్లా జెల్లా లేరు" అన్న మాట నవ్వుతూ అంటారు. ఆ నవ్వు వెనకే పండగ రోజు డ్యూటీ, రాత్రి పదింటి కాల్, ఎవరో సెలవు పెడితే ఆ పని, అన్నీ నీ బల్ల మీదకి వస్తాయి. అప్పుడప్పుడూ సాయం చెయ్యి, పిల్లలున్న వాళ్ల ఇబ్బంది నిజమైనదే. అలవాటుగా మారనివ్వకు. "ఆ రోజు నాకు పనుంది" అని ఊరుకో. ఏం పని అంటే చెప్పనక్కర్లేదు, ఇంట్లో పడుకోవడం కూడా పనే. సెలవుల వంతులు ఏడాది మొదట్లోనే రాతలో పెట్టించు. రాతలో ఉన్నదాన్ని మొహమాటం చెరపలేదు.

ఇంట్లో ఇంతకన్నా పెద్ద పంపకం ఉంది. అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యాక వాళ్ల బాధ్యత ఎవరూ అనుకోకుండానే పెళ్లికాని కూతురి మీదికి జారుతుంది. మీ అన్నయ్యకి సంసారం ఉంది, నీకు లేదు, ఇంకేం కావాలి? నువ్వు చూసుకోవద్దనడం లేదు. చూసుకో, ప్రేమగా చూసుకో. కానీ ఎవరు డబ్బు పెడతారు, ఎవరు దగ్గరుంటారు, నువ్వు ఉద్యోగంలో సెలవు పెడితే పోయే జీతం సంగతేంటి అన్నది వాళ్లిద్దరూ ఆరోగ్యంగా ఉన్న ఇప్పుడే అన్నయ్యతో కూర్చుని మాట్లాడు. ఆసుపత్రి వరండాలో మాట్లాడే విషయం కాదది. అక్కడ ఎవరు ముందు ఏడిస్తే వాళ్ల మీదే పడుతుంది.

ఆసుపత్రి అంటే గుర్తొచ్చింది. నా ఆపరేషన్‌కి చేరినప్పుడు కౌంటర్లో అబ్బాయి ఫారం నింపుతూ "సంతకానికి మీ తరఫున ఎవరూ రాలేదా మేడమ్?" అన్నాడు. నా స్నేహితురాలు "నేనొచ్చాను" అంది. "మీరేమవుతారు?" "స్నేహితురాలిని." పెన్ను ఆగిపోయింది. ఆ ఫారంలో భర్త, తండ్రి, కొడుకు అనే మాటలకే చోటుంది. నా బ్యాగులోంచి కాగితం తీసి ముందు పెట్టాను. నేను తెలివిలో లేనప్పుడు నా వైద్యం గురించి ఈమె నిర్ణయం తీసుకోవచ్చని నేను సంతకం చేసి, సాక్షులతో చేయించిన కాగితం. ఆ అబ్బాయి లోపలికెళ్లి ఎవర్నో అడిగొచ్చి, ఆమె పేరు రాసుకున్నాడు.

ఇలాంటి కాగితానికి ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి ఉంటుంది. నువ్వున్న చోటి చట్టం తెలిసిన లాయర్ని అడిగి చేయించు. వీలునామా కూడా రాయి. ఆస్తి లేదు కదా అనకు, బ్యాంకులో ఉన్నది, బీమా, పీఎఫ్, ఇంట్లో సామాను, ఫోన్లో ఉన్న నీ బతుకంతా ఆస్తే. నామినీ పేరు పెట్టాం కదా అని ఊరుకోవద్దు. కొన్ని దేశాల చట్టం ప్రకారం నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ వారసులు కారు. వీలునామా లేకపోతే చట్టం చెప్పిన వరస ప్రకారం పోతుంది, ఆ వరసలో స్నేహితులు ఉండరు. నీకు రాత్రి నీళ్లిచ్చినవాళ్లు బయట నిలబడతారు, నీ ఫోన్ నంబరు కూడా తెలియని చుట్టం లోపలికొస్తాడు.

డబ్బు గురించి నీకు నేను చెప్పాల్సింది తక్కువ, నువ్వే నాకు చెప్తావు. ఒక్కటే గుర్తుపెట్టుకో, నీ జీతం ఆగితే ఇంట్లో రెండో జీతం లేదు. అందుకని మిగతావాళ్లకన్నా ఎక్కువ నెలల ఖర్చు పక్కన ఉండాలి, ఆరోగ్య బీమా నీ సొంతది ఉండాలి, ఆఫీసు ఇచ్చేది ఉద్యోగంతోపాటే పోతుంది. "ఒక్కదానివే కదా, నీకేం ఖర్చు" అని అప్పులడిగేవాళ్లు వస్తారు. అద్దె ఒక్కళ్లుంటే సగం కాదు తల్లీ, మొత్తం.

ముసలితనంలో ఎవరు చూస్తారు అని అడుగుతున్నారన్నావు. ఇది మాత్రం తోసిపుచ్చే ప్రశ్న కాదు. పెళ్లయినవాళ్లు కూడా వేసుకోవాల్సింది. ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్లకన్నా ఎక్కువ, మొగుడు సాధారణంగా వయసులో పెద్దవాడు. కాబట్టి పెళ్లి చేసుకున్న ఆడవాళ్లలో చాలామంది చివరి ఏళ్లు ఒంటరిగానే గడుపుతారు, పిల్లలు ఎక్కడో ఉంటారు. తేడా ఏంటంటే వాళ్లు దానికి సిద్ధపడరు, నువ్వు సిద్ధపడొచ్చు. నీకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్లతో కూడా స్నేహం చెయ్యి, నీ ఈడువాళ్లందరికీ నీతోపాటే మోకాళ్లు నొప్పి పుడతాయి. ఇరుగుపొరుగులో ఒకరి దగ్గర నీ ఇంటి తాళం ఉండాలి. ఒంటరిగా ఉండేవాళ్లు ముడుచుకుపోతారన్నది కూడా పూర్తిగా నిజం కాదు. నటాలియా సర్కిసియన్, నవోమీ గర్స్టెల్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో లెక్కలు చూస్తే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, స్నేహితులు, ఇరుగుపొరుగులతో రాకపోకలు పెళ్లికాని వాళ్లవే ఎక్కువని తేలింది. అది దానంతటదే జరగదు. మనమే ఫోన్ చెయ్యాలి, మనమే వెళ్లాలి.

రేపు ఎప్పుడైనా నీ మనసు మారితే మార్చుకో. అప్పుడు "చూశావా, మేం చెప్పలా" అంటారని భయపడి, ఇష్టపడ్డ మనిషిని వదులుకోకు. నేను ఏమీ అనుకోను. పెళ్లి చేసుకున్న నీ స్నేహితురాళ్లను తక్కువగా చూడకు, వాళ్లూ ఎవరికో సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉంటారు, పిల్లలెప్పుడని, ఉద్యోగం ఎందుకని.

మీ అమ్మ ఏడుస్తోందన్నావు. ఆ ఏడుపుని మిగతావాళ్ల మాటలతో కలిపి చూడకు. మా మరదలికి లోకం ఏమనుకుంటుందోనన్న బెంగ కొంత ఉంది, కాదనను. మిగతాదంతా తను పోయాక నువ్వేమవుతావోనన్న భయం. దానికి కారణాలు చెప్తే తగ్గదు, ఏర్పాట్లు చూపిస్తే తగ్గుతుంది. నీ బీమా కాగితాలు, పొదుపు లెక్క, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనుషుల పేర్లు తీసుకెళ్లి పక్కన కూర్చుని చూపించు. వీలైతే ఆ మనుషుల్లో ఒకరిని ఇంటికి తీసుకెళ్లి పరిచయం చెయ్యి. ఒక్క రోజులో ఒప్పుకోదు, ఒప్పుకోమని అడగను కూడా అడగకు.

తమ్ముడితో నేను మాట్లాడతాను. "కొన్నాళ్లు ఆగు, అదే దారికొస్తుంది" అని మాత్రం వాడికి చెప్పను, అలా చెప్తే కొన్నాళ్లే ఆగుతాడు. నువ్వు ఈలోపు అన్నయ్యతో ఆ మాట కదుపు. వైద్యం కాగితం మీద ఎవరి పేరు రాస్తావో ముందు వాళ్లని అడిగి, సరేనన్నాకే రాయి. నా పేరు రాయకు, నాకు వయసైపోయింది.

మీ అత్త