ఆ వానలో తడిసింది నేను, నవలలో ఉన్నది ఆమె

గుంటూరు బ్రాడీపేట నుంచి ఉత్తరం రాసిన సోదరికి నమస్కారం.

మీ వారు అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన నాటి నుంచి ఒక మనోవైజ్ఞానిక నవల రాస్తున్నారని, విజయవాడలో చదువుకున్న రోజుల్లో ప్రేమించి పోగొట్టుకున్న అమ్మాయిని అరవై దాటిన కథానాయకుడు ఎదురుపడిన ప్రతి ముఖంలోనూ వెతుక్కోవడమే దాని ఇతివృత్తమని, ఆ అమ్మాయి కల్పితం కాదన్న సంగతి పెళ్లినాటి నుంచీ మీకు తెలుసునని రాశారు. ఆ నోట్‌బుక్కులను సాపు రాస్తున్నది మీరే. ఒక అధ్యాయంలో ప్రకాశం బ్యారేజీ మీద ఉన్నట్టుండి వాన కురుస్తుంది. అతని చేతి గడియారం తడిసిపోతుందని ఆమె దాన్ని విప్పించి పైట కొంగున ముడివేసుకుంటుంది. పెళ్లయిన కొత్తలో దుర్గమ్మ దర్శనానికి వెళ్లి వస్తూ ఆ పని చేసింది మీరు. ఆ మాట అంటే, ‘అసూయతో అంటున్నావు, అది ఆమే, నాకు బాగా గుర్తు’ అని ఆయన కసురుకున్నారు. ఇప్పుడు వారంలో ఒకటి రెండు సార్లు విజయవాడ బస్సెక్కి సత్యనారాయణపురంలో ఆమె పుట్టింటి వీధిలో తిరిగి వస్తున్నారు. రాత్రిళ్లు ఆమె కూతురి ఫేస్‌బుక్ ఫొటోలు చూస్తూ కూర్చుంటున్నారు. ఇన్నేళ్లూ ఆయన కాపురం చేసింది నాతోనా, ఆమెతోనా అని అడిగారు.

ముందుగా ఆ గడియారం సంగతి మాట్లాడతాను. ఆయన తెలిసి అబద్ధమాడుతున్నారని నేను అనుకోవడం లేదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు కార్ల ప్రమాదం ఉన్న చిన్న చిత్రం చూపించి, 50 మందిని కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని, మరో 50 మందిని ‘గుద్దుకొని నుజ్జయినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగితే, చిత్రంలో అసలు గాజు ముక్కలే లేకపోయినా, మొదటి వారిలో 7గురు, రెండో వారిలో 16 మంది చూశామన్నారు. ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకంలోకి లేని గాజును తెచ్చిపెట్టగలిగినప్పుడు, రోజూ ఒకే స్త్రీని తలుచుకుంటూ, రాసినదాన్ని కొట్టేసి మళ్లీ రాస్తూ గడిపే మనిషి జ్ఞాపకం ఎంత మారిపోతుందో ఊహించండి. నిన్న రాసిన పేజీయే ఇవాళ్టి జ్ఞాపకానికి మొదలవుతుంది. సంఘటన మిగిలి, అది ఎవరితో జరిగిందన్న ఆనవాలు జారిపోవడం మనస్తత్వ శాస్త్రానికి బాగా తెలిసిన విషయం. ‘నాకు బాగా గుర్తు’ అన్న నమ్మకం ఎంత గట్టిదైనా అది సాక్ష్యం కాదు.

ఇందులో మీరు గమనించవలసినది ఒకటి ఉంది. దూరమైన ఆ అమ్మాయికి ఆయన కట్టిన రూపంలో కనీసం ఒక ముఖ్యమైన భాగం మీ నుంచి తీసుకున్నది. కలిసి గడిపింది కొద్దికాలమే అయిన మనిషి గురించి వందల పేజీలు రాయాలంటే, రాసేవాడు తాను నిజంగా బతికిన బతుకు నుంచే సామగ్రి తెచ్చుకోవాలి. కాబట్టి ఆయన ఎవరితో కాపురం చేశారన్న ప్రశ్నకు ఆ నవలే జవాబు చెబుతున్నది. అయితే దీన్ని చూసి సరిపెట్టుకోమని నేను చెప్పను. మీరు చేసిన పనిని మరొకరికి అంటగట్టి, ఆ పేజీని మీ చేతనే సాపు రాయించడం, తెలియక చేసినా సరే, క్రూరమైన పని. ఆ అధ్యాయం నేను రాయను అని చెప్పే హక్కు మీకుంది, చెప్పండి.

నోట్‌బుక్కులు దాచేయవద్దు, చింపవద్దు. ఆమెను మరిచిపోతానని ఒట్టు కూడా వేయించుకోవద్దు. 1987లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని కొందరికి చెప్పి చూసింది. వారికి అదే పదేపదే గుర్తుకొచ్చింది, ఆంక్ష తీసేశాక మరీ ఎక్కువగా వచ్చింది. తలపును బలవంతాన తొక్కిపెడితే అది బలపడుతుంది. ఆయన రాసుకోనివ్వండి.

ఆపవలసింది వెతుకులాటను. ఈ విషయంలో మెత్తబడవద్దు. నవలలోని అమ్మాయికి ఇరవై ఏళ్లే. సత్యనారాయణపురంలో పుట్టి పెరిగిన స్త్రీకి అరవై ఏళ్లు, ఒక కుటుంబం, తన గురించి ఎవరో రాస్తున్నారని తెలియని ప్రశాంతత ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని స్త్రీ స్పష్టం చేసినా పదేపదే వెంటపడటం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం నేరం; మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మీ వారు ఆ గీత దాటారని నేను అనను గానీ, నడుస్తున్న దారి మాత్రం అటువైపే. ఆమె నంబరు సంపాదించి మీరే మాట్లాడతానన్నారు. దయచేసి ఆ పని చేయకండి, దానివల్ల ఆమెను ఈ కథలోకి లాగేవారు ఒకరికి ఇద్దరవుతారు.

మాట్లాడవలసింది మీ వారితోనే, అదీ ఆయన రాత బల్ల ముందు ఉన్నప్పుడు కాదు, ఉదయం కాఫీ వేళ. నవల బాగుందా లేదా అన్న చర్చలోకి దిగవద్దు. ‘మీరు రాసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు; ఆ వీధికి వెళ్లడం, ఆ పిల్ల ఫొటోలు చూడటం ఈ రోజుతో ఆపాలి, డాక్టరు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్దాం’ అని చెప్పి ఊరుకోండి. ఆయనకు నిద్ర, ఆకలి తగ్గాయని రాశారు కనుక పదవీ విరమణ తర్వాత వచ్చే డిప్రెషన్‌ను కొట్టిపారేయలేము. పాత సంఘటన ఒకటి తారుమారైనంత మాత్రాన మతిమరుపు జబ్బు అనుకోనక్కర్లేదు. కానీ కట్టిన బిల్లే మళ్లీ కట్టడం, తెలిసిన వీధిలో దారి తప్పడం వంటివి కనిపిస్తే డాక్టరుకు తప్పక చెప్పండి, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు కూడా చేయిస్తారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఆయన రానంటే మీరు ఆగిపోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన సంగతితో పాటు, ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మీ నిద్రలేమి గురించి కూడా వాళ్లకు వివరంగా చెప్పండి.